పేర్లు భట్టిప్రోలువి, బొమ్మ అమరావతిది

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే జంపని, వేమూరు, పెనుమర్రు దాటాక భట్టిప్రోలు వస్తుంది. దిగి విక్రమార్క కోట దిబ్బ ఎక్కడని అడిగితే దారి చెబుతారు. ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లాలో ఉండేది, 1904కి ముందు కృష్ణా జిల్లాలో. జిల్లాలు మారాయి గానీ దిబ్బ కదల్లేదు. పల్లపు డెల్టా నేల మీద గుండ్రంగా పరుచుకున్న పాత ఇటుకల రాశి అది. ఎవరూ చెప్పకపోతే కూలిన కోట గోడేమో అనుకుంటాం. అదొక మహాస్తూపం. పీఠం వ్యాసం 148 అడుగులు, మీది అండం వ్యాసం 132 అడుగులు, ఎత్తు 40 అడుగులని కొలతలు చెబుతున్నాయి. క్రీస్తుకు పూర్వమే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ చివరి నేల మీద, ఇంత కట్టడానికి పూనుకున్నారంటే ఆ ఊరికి డబ్బుండాలి, జనముండాలి, అన్నిటికీ మించి ఒక్కమాట మీద నిలబడే అలవాటుండాలి.

ఆ ఒక్కమాట మీద నిలబడ్డవాళ్ళ పేర్లు మనకు తెలుసు. ఈ కథనం వాళ్ళ గురించే.

1892లో మద్రాసు ప్రాంత పురావస్తు సర్వే అధికారి అలెగ్జాండర్ రీ ఈ దిబ్బ నడిమధ్య తవ్వించాడు. లోపల మూడు రాతి పేటికలు దొరికాయి. ప్రతి పేటికా రెండు రాళ్ళు: కింద గుంట తొలిచిన దిమ్మ, పైన సరిగ్గా అమరే మూత. గుంటలో స్ఫటిక భరిణె. దానితోపాటు ముత్యాలు, పూసలు, పలుచటి బంగారు రేకుతో చేసిన చిన్న చిన్న పూలు. అన్నిటి మధ్యా భద్రంగా ఒక ఎముక తునక. బుద్ధ ధాతువు. మూతల అంచుల వెంట, గుంటల చుట్టూ ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి. గుండ్రటి అంచు మీద వరస తప్పకుండా తిరిగి వచ్చేలా చెక్కాడంటే ఆ చెక్కినవాడి చెయ్యి ఎంత నిలకడైందో చూడండి.

ఆ అక్షరాల నకళ్ళు వియన్నా చేరాయి. అక్కడి విశ్వవిద్యాలయంలో సంస్కృతం చెప్పే జార్జ్ బ్యూలర్ వాటిని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ రెండో సంపుటంలో అచ్చువేశాడు. లిపి అశోకుడి బ్రాహ్మికి దగ్గరగా ఉన్నా కొన్ని అక్షరాల తీరు వేరు. అందుకే పండితులు దాన్ని భట్టిప్రోలు లిపి అని ప్రత్యేకంగా పిలుస్తారు. ఈ ఊరి గురించి రాసేవాళ్ళు చాలామంది అక్కడే ఆగిపోతారు. తెలుగు అక్షరానికి పుట్టిల్లు ఇదేనని గర్వంగా చెప్పి ముగిస్తారు. లిపి విలువ నాకూ తెలుసు. కానీ ఆ అక్షరాలు ఏం చెబుతున్నాయన్నది ఇంకా గొప్ప సంగతి అని నా నమ్మకం.

వియన్నా పేరు వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం అక్కడ ఆగుదాం. పదిహేడో శతాబ్దంలో యూరప్ రాజాస్థానాలకు ఒక అలవాటుండేది. పెళ్ళయినా, పట్టాభిషేకమైనా, రాయబారి వచ్చినా పెద్ద ఊరేగింపు తీయడం, తీసిన ఊరేగింపును రాగిరేకు మీద చెక్కించి అచ్చువేయించడం. రేకు మీద మైనపు పూత వేసి సూదిమొనతో బొమ్మ గీస్తారు. ఆమ్లంలో ముంచితే గీత పడ్డచోట మాత్రమే ఆమ్లం లోహాన్ని తింటుంది. ఆ గాళ్ళలో సిరా నింపి తడి కాగితం మీద అదిమితే బొమ్మ దిగుతుంది. దీన్నే ఎచింగ్ అంటారు. 1633లో పోలండ్ రాయబారి ఒస్సోలిన్‌స్కీ ఆర్భాటంగా రోమ్ నగరం ప్రవేశించినప్పుడు, స్టెఫానో డెల్లా బెల్లా అనే ఇరవైమూడేళ్ళ చిత్రకారుడు ఆ ఊరేగింపునంతా ఆరు రేకుల మీద గీశాడు. గుర్రాలు, ఒంటెలు, బాకాలూదేవాళ్ళు, పరివారం బారులు తీరి కాగితం ఒక చివరి నుంచి మరో చివరికి నడుస్తుంటారు. వియన్నాలో 1667లో లియోపోల్డ్ చక్రవర్తి పెళ్ళి వేడుకగా జరిగిన గుర్రాల నాట్యాన్ని కూడా ఇలాగే అచ్చొత్తించారు.

ఈ అచ్చుబొమ్మల్లో నాకు నచ్చేది ఒక చిన్న పద్ధతి. చాలావాటిలో మనుషుల పక్కన ఒక అంకో అక్షరమో వేసి, అడుగున ఆ అంకెకు ఎదురుగా ఎవరెవరో రాస్తారు. ఫలానా అంకె ఫలానా ప్రభువు, ఫలానాది ఆయన అశ్వికదళం అని. బొమ్మ పైన ఉంటుంది, పేర్లు కింద ఉంటాయి. చూసేవాడి కన్ను పైకీ కిందికీ తిరుగుతూ ఊరేగింపునంతా పోల్చుకుంటుంది.

మన దగ్గర అదే పని రాతి మీద జరిగింది, వాళ్ళకంటే ఎన్నో శతాబ్దాల ముందు. కాకపోతే పేర్లు ఒకచోట ఉన్నాయి, బొమ్మ మరోచోట ఉంది. పేర్లు భట్టిప్రోలులో దొరికాయి. బొమ్మ అమరావతిలో దొరికింది.

ముందు పేర్లు చూద్దాం. మొదటి పేటిక ఒక కుటుంబానిది. కుర అనేవాడి తండ్రి, కుర తల్లి, కుర, శివ అనే నలుగురూ కలిసి బుద్ధుడి శరీర ధాతువులు ఉంచడానికి ఈ పేటికనూ స్ఫటిక భరిణెనూ చేయించామని చెప్పుకున్నారు. తల్లీ తండ్రీ కొడుకూ ఒకే వాక్యంలో, ఒకే రాతి అంచు మీద నిలబడ్డారు.

రెండో పేటిక దగ్గరికి వచ్చేసరికి జనం పెరిగారు. అక్కడ గోష్ఠి సభ్యుల పేర్లు బారుగా ఉన్నాయి. గోష్ఠి అంటే ఒక పని కోసం కూడిన సంఘం. వరుణ, పిగలక, కోసక, భరద, గాలవ, జనక… ఇలా పేరు తర్వాత పేరు సాగుతుంది. మూడో పేటిక మీద నిగమ సభ్యులు వచ్చారు. నిగమం అంటే వర్తకుల పట్టణ సభ. వచ, జేత, జంభ, తిస, రేత, సభిక, కేస, సేట, సమణదాస, సామక, కాముక, చితక… దాదాపు ఇరవై మంది. వీళ్ళ తాతలెవరో, ఏ కులమో, ఏం అమ్మేవారో రాసుకోలేదు. పేరొక్కటే రాసుకున్నారు. కొన్ని పేర్లు చూస్తే బౌద్ధం ఇళ్ళలోకి ఎంత లోతుగా వెళ్ళిందో తెలుస్తుంది. సమణదాస అంటే శ్రమణులకు దాసుడు. పిల్లాడికి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రులు ఈ స్తూపం కట్టకముందే ఆ ధర్మాన్ని నమ్ముకున్నవాళ్ళయి ఉండాలి.

ఇక రాజుగారు. కుబీరకుడు. శాసనాల్లో ఇతను కనిపించే తీరు నన్ను ఆపి నిలబెడుతుంది. రాజు బిరుదుల పాట లేదు, దండయాత్రల ఊసు లేదు. నిగమపుత్రుల గోష్ఠికి రాజు ప్రముఖుడు అని ఒక ముక్క, కుబీరక రాజు సింహ గోష్ఠికి ప్రముఖుడు అని మరో ముక్క. ప్రముఖుడంటే ముందు నిలబడేవాడు. సంఘంలో తానూ ఒకడై, ఆ సంఘానికి ముందు నడిచిన రాజు. ఆంధ్రదేశంలో శాతవాహనుల పేరు వినబడకముందే ఈ ప్రాంతంలో ఒక రాజు ఉన్నాడని చెప్పే సాక్ష్యం ఈ పేటికలే. ఆ సాక్ష్యంలో అతను వర్తకుల మధ్య నిలబడి కనిపిస్తాడు.

ఇంకొక్కటి ఉంది. పేటికతో దొరికిన ఆరుపలకల స్ఫటికం ముక్క. వేలెడు రాయి. దాని పలకల మీద సన్నటి అక్షరాలు గీశారు. నందపురం స్త్రీలు, శ్రామణేరులు ఇచ్చిన కానుక అని దాని సారాంశం. మరో ఊరి ఆడవాళ్ళు, ఇంకా దీక్ష పూర్తికాని చిన్న సన్యాసులు కలిసి ఇచ్చిన వస్తువు రాజుగారి పేటికతో సమానంగా స్తూప గర్భంలోకి వెళ్ళింది. స్ఫటికం చాలా గట్టి రాయి. దాని మీద అక్షరం గీయాలంటే చెయ్యి ఎంత నేర్పరిదై ఉండాలో, ఆ ఆడవాళ్ళు ఎంత శ్రద్ధతో చేయించి ఉంటారో ఆలోచించండి.

సరే, ఇన్ని పేర్లు. మరి ఊరేగింపు ఎక్కడ?

శాసనంలో ఊరేగింపు అన్న మాట లేదు. కానీ ధాతువు చప్పుడు చేయకుండా స్తూపంలోకి వెళ్ళే ఆచారం ఆ కాలంలో లేదు. బుద్ధుడు కుశీనగరంలో పరినిర్వాణం చెందాక మల్లులు ఏడు రోజులు ఆటపాటలతో, పూలమాలలతో, వాద్యాలతో పూజించారని మహాపరినిబ్బాణ సుత్తం చెబుతుంది. ద్రోణుడనే బ్రాహ్మణుడు ధాతువులను ఎనిమిది భాగాలు చేస్తే ఎనిమిది చోట్లవాళ్ళు తీసుకువెళ్ళారు. సింహళంలో మొదటి స్తూపమైన థూపారామానికి ధాతువు ఏనుగు మీద వచ్చిందని మహావంశం రాసింది. భట్టిప్రోలు కాలానికి దగ్గరివాడైన దుట్ఠగామణి రాజు అనురాధపురంలో మహాస్తూపం కట్టినప్పుడు ధాతు కరండాన్ని, అంటే భరిణెను, తానే నెత్తిన పెట్టుకుని గర్భంలోకి తీసుకువెళ్ళాడని అదే గ్రంథం వర్ణిస్తుంది. ఆ సంప్రదాయం శ్రీలంకలో చావలేదు. ఏటా క్యాండీలో ఎసల పెరహెర జరిగేటప్పుడు ఏనుగు అంబారీ మీద కరండం ఊరేగుతుంది, ముందు డోళ్ళు మోగుతాయి.

కాబట్టి కుబీరకుడి ఊరు కూడా ఒక రోజున వీధుల్లోకి వచ్చే ఉంటుంది. ఎలా వచ్చి ఉంటుందో కళ్ళారా చూడాలంటే మన శిల్పుల దగ్గరికి వెళ్ళాలి.

జగ్గయ్యపేట స్తూపం పలక ఒకటుంది. చక్రవర్తి మాంధాత చెయ్యి పైకెత్తితే ఆకాశం నుంచి నాణేలు రాలుతున్న బొమ్మ. నెత్తిన ఛత్రం, చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం, మణి. శిల్పం రాతిలోంచి పైకి ఉబికి రాదు. పలక మీద పలుచగా, దాదాపు గీతలతోనే సాగుతుంది. భట్టిప్రోలు పేటికల కాలానికి బాగా దగ్గరి పని ఇది. ఎచింగ్ చూసిన కన్ను ఈ పలకను వెంటనే చుట్టం అనుకుంటుంది.

అసలైన పండగ అమరావతిలో ఉంది. బుద్ధుడి భిక్షాపాత్రను దేవతలు స్వర్గానికి తీసుకుపోతున్న దృశ్యాన్ని గుండ్రటి పతకంగా చెక్కారు. చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉందది. దాని ముందు నిలబడి కాసేపు చూడండి. మధ్యలో తలమీది పళ్ళెంలో పాత్ర పెట్టుకున్నవాడు. వాడి చుట్టూ ఒక్కడూ కుదురుగా లేడు. చేతులు గాల్లోకి విసిరినవాడు, మోకాలు మడిచి ఎగిరినవాడు, నడుం తిప్పి వెనక్కి చూస్తున్నవాడు. ఒంటి మీద గుడ్డ ఎగురుతుంటే దాని మడత కూడా ఎగరడం శిల్పి వదల్లేదు. ఇంతమంది ఇన్ని దిక్కులకు కదులుతున్నా చూపు తిరిగి తిరిగి ఆ పాత్ర దగ్గరికే వస్తుంది. వలయాకారంలో ఊరేగింపును ఇలా కూర్చడం మామూలు ప్రజ్ఞ కాదు. డెల్లా బెల్లా ఊరేగింపు కాగితం మీద బారుగా నడుస్తుంది. అమరావతి శిల్పి ఊరేగింపు సుడి తిరుగుతుంది. నన్నడిగితే అమరావతివాడికే నా ఓటు.

ధాతువుల పంపకం కూడా అమరావతి శిల్పుల ఇష్టమైన ఘట్టం. ఒకవైపు ధాతువుల ముందు ఆట, పాట. మరోవైపు కోట గుమ్మంలోంచి బయటికి వస్తున్న ఏనుగులు, వాటి మీద కరండాలు పట్టుకుని కూర్చున్న రాజులు. ఇక ఎగ్మూర్‌లోనే ఉన్న నాళాగిరి ఏనుగు పతకంలో ఊరి వీధి ఉంది. మదపుటేనుగు వీధిన పడితే మేడల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తుంటారు, కింద జనం హడలిపోతుంటారు. కథ రాజగృహంలోది. వీధి మాత్రం కృష్ణా తీరంలోదే. శిల్పి తాను తిరిగిన వీధినీ, తాను చూసిన మేడనూ చెక్కాడు. భట్టిప్రోలులో పేటికలు కదిలిన రోజున నందపురం ఆడవాళ్ళు నిలబడి చూసింది అలాంటి వీధిలోనే అయి ఉంటుంది.

భట్టిప్రోలుకు సొంత బొమ్మలు ఎందుకు మిగల్లేదని ఎవరైనా అడగవచ్చు. దాని జవాబు మనసును కలచివేస్తుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కృష్ణా ఆనకట్ట వచ్చింది, డెల్టా కాలవలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి. కాలవ తూములకు రాయి కావాలి, రోడ్లకు కంకర కావాలి. దిబ్బ మీది సున్నపురాతి పలకలు తూము కట్టడానికి పోయాయి. ఇటుకలు రోడ్డు కింద పరుచుకున్నాయి. 1870లో బాస్‌వెల్ అనే అధికారి ఈ దిబ్బ సంగతి ప్రభుత్వానికి రాశాడు. రీ వచ్చేసరికి పైభాగం చాలావరకు పోయింది, గర్భం మిగిలింది. ఆ కాలవలే ఈ నేలకు అన్నం పెట్టాయన్నది నిజం. ఆ అన్నం కోసం ఈ రాళ్ళనే పగలగొట్టాల్సిన అవసరం మాత్రం లేదు. కాస్త దూరం నుంచి రాయి తెచ్చుకుంటే సరిపోయేది. అమరావతి పలకలు కూడా అలాగే చాలా పోయాయి. సర్వే అధికారి మెకంజీ 1797లో చూసి, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు కాబట్టి కొన్ని కాగితం మీదయినా దక్కాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన పలకలు లండన్ చేరాయి. మిగిలినవాటిలో చాలా భాగం మద్రాసు వెళ్ళాయి.

భట్టిప్రోలు ధాతువు ఊరేగింపుల్లో తేదీతో సహా చరిత్రకెక్కింది ఒకటుంది. అది భట్టిప్రోలులో జరగలేదు. కలకత్తాలో జరిగింది, 1920లో.

అనగారిక ధర్మపాల 1891లో స్థాపించిన మహాబోధి సొసైటీ, హొనలూలూకు చెందిన మేరీ ఫాస్టర్ ఇచ్చిన విరాళాల అండతో, కలకత్తా కాలేజ్ స్క్వేర్‌లో శ్రీ ధర్మరాజిక చైత్య విహారం కట్టింది. ముఖద్వారం అజంతా గుహ మాదిరి. కొత్త విహారానికి ధాతువు కావాలి. మద్రాసు ప్రభుత్వం తన దగ్గరున్న భట్టిప్రోలు ధాతువును ఇచ్చింది. బెంగాల్ గవర్నర్ లార్డ్ రొనాల్డ్‌షే ప్రభుత్వ భవనంలో దాన్ని సొసైటీకి అప్పగించాడు. అప్పుడు సొసైటీ అధ్యక్షుడు కలకత్తా విశ్వవిద్యాలయానికి పేరు తెచ్చిన న్యాయమూర్తి సర్ అశుతోష్ ముఖర్జీ. అక్కడి నుంచి విహారం దాకా ఊరేగింపుగా తీసుకువెళ్ళి ప్రతిష్ఠించారు.

ఎంత దూరం ప్రయాణం చేసిందో చూడండి ఆ ఎముక తునక. కుర తల్లీ తండ్రీ, నిగమ వర్తకులు, ఒక రాజు కలిసి రెండు వేల ఏళ్ళ పైచిలుకు నాడు నేలలో భద్రం చేస్తే, ఇరవయ్యో శతాబ్దంలో ఒక గవర్నరు చేతి నుంచి ఒక న్యాయమూర్తి నాయకత్వంలోని సంఘానికి వెళ్ళింది. ధాతువు పూజ కోసం పుట్టింది, మళ్ళీ పూజలోకి వెళ్ళింది. దాన్ని నేను తప్పుపట్టను. మ్యూజియం బీరువాలో కంటే విహారంలో ఉండడమే దానికి న్యాయం. అయితే కాలేజ్ స్క్వేర్‌లో ఆ విహారం ముందు నుంచి నడిచి వెళ్ళే తెలుగువాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసు? తెనాలి, బాపట్ల, రేపల్లె బళ్ళలో చదివే పిల్లల్లో ఎందరికి తెలుసు?

ధాతువు కలకత్తాలో ఉంది. రాతి పేటికలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి పలకలు కూడా అదే ఎగ్మూర్ ఆవరణలో ఉన్నాయి. అంటే ఊరేగింపు బొమ్మ, ఆ ఊరేగింపులో నడిచినవాళ్ళ పేర్లు, రెండూ ఒకే మ్యూజియంలో ఉండి కూడా ఒకదాని పక్కన ఒకటి లేవు. యూరప్ అచ్చుబొమ్మలో ఒకే కాగితం మీద పైనా కిందా కనిపించేవి మన దగ్గర విడివిడిగా ఉండిపోయాయి. వాటిని కలపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

భట్టిప్రోలు దిబ్బ దగ్గర ఒక రాతి పలక నిలబెట్టండి. మధ్యలో అమరావతి పాత్ర ఊరేగింపు నకలు, అడుగున మూడు పేటికల మీది పేర్లన్నీ ఇవాళ్టి తెలుగు లిపిలో. కుర తల్లి ఉండాలి, నందపురం స్త్రీలు ఉండాలి, సమణదాస ఉండాలి, వాళ్ళ మధ్యలో ఎక్కడో కుబీరక రాజు ఉండాలి. పురావస్తు శాఖ అనుమతి ఇవ్వాలి, పంచాయతీ ముందుకు రావాలి, బయట స్థిరపడ్డ ఊరివాళ్ళు తలో చెయ్యి వేయాలి. రాజు, వర్తకులు, మరో ఊరి ఆడవాళ్ళు కలిసి పనిచేసిన ఊరికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. పేటికల నమూనాలు మూడు చేయించి ఊరి బడిలో పెట్టినా చాలు. వచ్చే బుద్ధ పౌర్ణమికి పిల్లలు వాటిని నెత్తిన పెట్టుకుని డప్పులతో దిబ్బ దాకా నడవాలి, అక్కడ ఆ పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా చదవాలి. చదివేది విన్న తర్వాత తమ ఊరి పేరు ఆ పిల్లలకు మళ్ళీ ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

ఈలోగా ఒక ఆదివారం తీరిక చేసుకుని తెనాలిలో రేపల్లె బండి ఎక్కండి. దిబ్బను కుడివైపు ఉంచుకుని, దాని చుట్టూ ప్రదక్షిణగా ఒకసారి తిరగండి. చెన్నై వెళ్ళిన రోజున ఎగ్మూర్ మ్యూజియంలో పేటికలు, పాత్ర పతకం రెండూ అడిగి మరీ చూడండి.